కామిక్ పేజీ గీయడం ఎలా: తెల్లకాగితం నుంచి ప్రింటు ఫైలు వరకు

"బొమ్మలు బాగానే వేస్తాను. కామిక్ పేజీ మొదలుపెడితే మాత్రం సగంలో పాడైపోతోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?" బొమ్మలు నేర్చుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. వాళ్లు తెచ్చి చూపించిన పేజీల్లో బొమ్మ తప్పులు తక్కువ, వరుస తప్పులు ఎక్కువ. ముందు చేయాల్సిన పని వెనక చేస్తారు. దాంతో మాటలకు చోటు చాలదు, బెలూన్ (మాటలు రాసే బుడగ) వెళ్లి ముఖం మీద పడుతుంది, ఆరని ఇంకు మీద చెయ్యి పడి అలుక్కుపోతుంది.

అందుకే ఇక్కడ చెప్పేదంతా వరుస గురించే. ముఖ్యంగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి: తెలుగు కామిక్‌లో ముందు అక్షరాలకు చోటు, ఆ తర్వాతే బొమ్మ. కాగితం మీద ఇంకుతో గీసి, రంగులు కంప్యూటర్‌లో వేసే పద్ధతి చెబుతున్నాను. ట్యాబ్లెట్ మీద గీసేవాళ్లకు సామాను మారుతుంది కానీ వరుస మారదు.

చివరిదాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. ఒక పేజీ, ఆరు ప్యానెళ్లు (బొమ్మ గడులు):

- ప్యానెల్ 1: ఊరి బయట రావిచెట్టు. దుమ్ము లేపుకుంటూ పల్లెవెలుగు బస్సు వస్తోంది. గంపతో ఒక అవ్వ నిలబడి ఉంది.
- ప్యానెల్ 2: అవ్వ బస్సెక్కుతోంది. గంప మీద తువ్వాలు కప్పి ఉంది.
- ప్యానెల్ 3: కండక్టర్: "గంపలో ఏముందవ్వా?" అవ్వ: "ఏం లేదు నాయనా, నాలుగు వంకాయలు."
- ప్యానెల్ 4: "కొక్కొరోకో!" బస్సులో అందరూ తిరిగి చూస్తారు.
- ప్యానెల్ 5: కండక్టర్: "మీ ఊళ్లో వంకాయలు కూస్తాయా అవ్వా?"
- ప్యానెల్ 6: సీట్లో అవ్వ, ఒళ్లో కోడిపుంజు. అవ్వ చేతిలో రెండు టికెట్లు. మాటల్లేవు.

మొదటిసారి ఇలాంటి పేజీకి వారం పట్టినా పర్వాలేదు. చేయి తిరిగాక రెండు మూడు రోజుల్లో అయిపోతుంది.

1. సామాను

ఖరీదైనవి అక్కర్లేదు. కానీ కాగితం, ఇంకు విషయంలో రాజీ పడితే తర్వాత ఎంత కష్టపడినా లాభం ఉండదు.

- ఏ3 సైజు కాగితం (297 × 420 మి.మీ.). బ్రిస్టల్ దొరికితే మంచిది. లేకపోతే నున్నగా ఉండే మందపాటి ఐవరీ షీటు, 200 జి.ఎస్.ఎం.కు (చదరపు మీటరుకు గ్రాముల బరువు) తగ్గకుండా.
- లేత నీలం పెన్సిల్, హెచ్‌బీ పెన్సిల్, 2హెచ్ పెన్సిల్
- మెత్తని రబ్బరు, పిసికితే సాగే నీడెడ్ రబ్బరు
- నీటికి కరగని నల్ల డ్రాయింగ్ ఇంకు, ముంచి రాసే నిబ్బు, 2వ నంబరు రౌండ్ బ్రష్
- పిగ్మెంట్ ఇంకు పెన్నులు మూడు: సన్నది, మధ్యస్థం, లావుది
- స్టీలు స్కేలు, సెట్‌స్క్వేర్, మాస్కింగ్ టేపు, తెల్ల పోస్టర్ కలర్

పెన్ను మీద ఉన్న నంబరు మిల్లీమీటరు లెక్క కాదని గుర్తుంచుకోండి. పిగ్మా మైక్రాన్ పెన్నుల్లో 005 అంటే 0.20 మి.మీ., 01 అంటే 0.25, 03 అంటే 0.35, 05 అంటే 0.45, 08 అంటే 0.50. ఏ3లో గీసి ఏ4లో ప్రింటు చేస్తే పొడవు, వెడల్పు రెండూ దాదాపు 71 శాతానికి తగ్గుతాయి. అంటే 0.20 గీత ప్రింటులో 0.14 అవుతుంది. అంతకంటే సన్నగా గీస్తే నాసిరకం కాగితం మీద ప్రింటయ్యేటప్పుడు గీత తెగిపోతుంది.

డ్రాయింగ్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో పోయకండి. అందులో ఉండే బంక ఎండి పెన్ను మూసుకుపోతుంది, మళ్లీ పనికిరాదు.

2. థంబ్‌నెయిళ్లు: కనీసం నాలుగు

అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా, సుమారు 5 × 7 సెం.మీ. గడి గీసి, అందులో పేజీ మొత్తం గీతల మనుషులతో వేయండి; దీన్నే థంబ్‌నెయిల్ అంటారు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు మించొద్దు. మొదటిది ఎలాగూ ఎక్కడో చూసిన పేజీలాగే వస్తుంది. రెండోది దాని తమ్ముడు. మూడు, నాలుగు వేసేసరికి మీ సొంత ఆలోచన బయటికొస్తుంది.

ఈ దశలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: పేజీలో పెద్ద ప్యానెల్ ఏది? ఆరూ సమానంగా ఉంటే కథ ఒకే గొంతుతో చదివినట్టుంటుంది. మన పేజీలో నవ్వు పుట్టేది కోడి కూసినచోట. కాబట్టి నాలుగో ప్యానెల్‌కు పేజీ వెడల్పంతా ఇద్దాం. బస్సు వచ్చే మొదటి ప్యానెల్ కూడా అడ్డంగా పొడవుగా ఉండాలి, చోటు ఎక్కడో పాఠకుడికి తెలియాలి కదా.

రెండో లెక్క, ఎవరు ముందు మాట్లాడతారు? తెలుగు ఎడమ నుంచి కుడికి చదువుతాం. ముందు మాట్లాడేవాళ్లు ఎడమవైపు ఉంటే బెలూన్లు వాటంతటవే సర్దుకుంటాయి. మూడో ప్యానెల్‌లో ముందు అడిగేది కండక్టర్. అందుకే అతను ఎడమ, అవ్వ కుడి. ఒకసారి అలా నిలబెట్టాక ఐదో ప్యానెల్‌లోనూ అదే ఉండాలి. మధ్యలో అటూఇటూ మారిస్తే ఎవరు ఎవరివైపు చూస్తున్నారో అర్థంకాక చదివేవాళ్లు ఆగిపోతారు.

థంబ్‌నెయిల్ సరిపోయిందా అని చూడటానికి: మాటలు లేకుండా ఇంట్లో ఎవరికైనా చూపించి కథ చెప్పమనండి. "ఎవరో బస్సెక్కారు, ఏదో గొడవైంది" అన్నా చాలు. అదీ చెప్పలేకపోతే మళ్లీ వేయండి.

3. చూసి గీయాల్సినవి చూసుకోండి

"బస్సు నాకు తెలుసు" అనుకుని గీస్తే బొమ్మల పుస్తకంలో బస్సు వస్తుంది, పల్లెవెలుగు రాదు. ఒక ఉదయం బస్టాండుకు వెళ్లి గంటసేపు నిలబడి స్కెచ్ చేసుకోండి. కిటికీకి ఎన్ని కడ్డీలున్నాయి, తలుపు దగ్గర పట్టుకునే రాడ్డు ఎక్కడుంది, టికెట్ మిషన్ కండక్టర్ ఏ చేత్తో పట్టుకుంటాడు, డబ్బు సంచి ఎటు వేలాడుతుంది. ఫోటో చూసి గీయడం కంటే ఇలా చూసి గీసింది చేతికి గుర్తుంటుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. చదివే దిక్కు ఎడమ నుంచి కుడికి కాబట్టి బస్సును కూడా అలాగే ఎడమ నుంచి కుడికి నడిపిస్తారు. మన రోడ్ల మీద బస్సు ఎడమ పక్కన నడుస్తుంది, తలుపు ఎడమవైపు ఉంటుంది, స్టీరింగ్ కుడివైపు. బస్సు కుడికి పోతున్నట్టు గీస్తే మనకు కనిపించేది డ్రైవర్ వైపు, అక్కడ తలుపుండదు. అవ్వ ఎక్కడానికి దారే లేదు! దీనికి మందు: బస్సు మనకేసి వస్తున్నట్టు గీయండి. ముందు అద్దం బొమ్మలో ఎడమన ఉంటుంది, తలుపున్న పక్క కుడివైపుకు దూరమవుతూ పోతుంది. అవ్వ, రావిచెట్టు కుడివైపు దగ్గరగా. చదివేవాళ్ల చూపు బస్సు దగ్గర మొదలై అవ్వ దగ్గర ఆగుతుంది. అటు కథకూ ఇటు రోడ్డుకూ సరిపోయింది.

ఫోటోను అద్దంలోలా తిప్పి వాడుకున్నా ఇదే తప్పు దొర్లుతుంది. చొక్కా గుండీలు, పైట కూడా తారుమారవుతాయి.

ఒక విడి కాగితం మీద అవ్వనూ కండక్టర్‌నూ మూడు కోణాల్లో గీసి గోడకు అంటించుకోండి: ఎదురుగా, పక్కనుంచి, ముప్పాతిక (సగం పక్కకు తిరిగినట్టు). అవ్వకు కొప్పు, ముక్కుపుడక, మోచేతి దగ్గర పచ్చబొట్టు అని నిర్ణయిస్తే ఆరు ప్యానెళ్లలోనూ అవి ఉండాలి. ఎత్తు కూడా రాసుకోండి: అవ్వ తల కండక్టర్ చొక్కా జేబు దగ్గరికి వస్తుంది, ఇలా.

4. పేజీ కొలతలు

ఏ3 మీద నాలుగు పక్కలా 20 మి.మీ. వదిలితే మిగిలేది 257 × 380 మి.మీ. అడ్డంగా నాలుగు వరుసలు చేద్దాం. వరుసకూ వరుసకూ మధ్య 8 మి.మీ. ఖాళీ, పక్కపక్క ప్యానెళ్ల మధ్య 5 మి.మీ. నిలువు ఖాళీ సన్నగా ఉంటే కన్ను ముందు పక్కకు వెళ్తుంది, ఆ తర్వాతే కిందికి దిగుతుంది. రెండూ సమానంగా ఉంటే కొందరు మొదటి ప్యానెల్ నుంచి నేరుగా కిందికి దిగిపోతారు.

- మొదటి వరుస, ఎత్తు 85: ప్యానెల్ 1, పూర్తి వెడల్పు
- రెండో వరుస, ఎత్తు 90: ప్యానెల్ 2 (వెడల్పు 92), ప్యానెల్ 3 (వెడల్పు 160)
- మూడో వరుస, ఎత్తు 96: ప్యానెల్ 4, పూర్తి వెడల్పు
- నాలుగో వరుస, ఎత్తు 85: ప్యానెల్ 5, ప్యానెల్ 6, చెరో 126

కూడి చూడండి: 85 + 90 + 96 + 85 = 356, ఖాళీలు 24, మొత్తం 380. గీసే ముందు ఈ కూడిక కాగితం మీద చేయండి. చివరి వరుసకు పది మిల్లీమీటర్లు తక్కువ పడిందని పెన్సిల్ అయ్యాక తెలిస్తే చాలా బాధ.

బొమ్మ కాగితం అంచు దాకా పోవాలనుకుంటే ప్రింటు సైజు కంటే అన్ని పక్కలా 3 మి.మీ. ఎక్కువ గీయాలి, కటింగులో అది పోతుంది. ఈ పేజీకి ఆ అవసరం లేదు.

5. ముందు అక్షరాలు

ఎక్కువ పేజీలు చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాను.

ఇంగ్లిష్ కామిక్స్ ఎక్కువగా పెద్దక్షరాల్లో రాస్తారు. వాటికి పైనా కిందా ఏమీ ఉండదు, ఇటుకల్లా పేర్చుకుంటూ పోవచ్చు. మన అక్షరం అలా కాదు. పైన గుడి, ఏత్వం, ఓత్వం. కింద ఒత్తులు, క్రావడి. అదే మాటకు తెలుగులో నిలువు చోటు ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ పేజీ చూసి బెలూన్ కొలతలు వేసుకుంటే ఒక వరుసలోని ఒత్తు, కింది వరుసలోని గుడి గుద్దుకుంటాయి.

ఏ3 మీద నేను వాడే కొలత ఇది:

- పైన గుడులకు 1.5 మి.మీ.
- అక్షరం ఒంటికి 3 మి.మీ.
- కింద ఒత్తులకు 2.5 మి.మీ.

మొత్తం వరుసకు 7 మి.మీ. ఏ4లో ప్రింటయ్యాక ఇది సుమారు 5 మి.మీ. అవుతుంది, పెద్దవాళ్లూ హాయిగా చదవగలరు. 2హెచ్ పెన్సిల్‌తో ఈ నాలుగు గీతలూ లేతగా గీసుకుని రాయండి. ఒక వరుసలో ఒత్తులు లేవు కదా అని తర్వాతి వరుసను పైకి జరపొద్దు, బెలూన్ వంకరగా కనిపిస్తుంది.

మూడు వరుసల మాటకు 21 మి.మీ., చుట్టూ గాలి ఆడటానికి పైన 5, కింద 5. అంటే బెలూన్ ఎత్తు 31 మి.మీ. 90 మి.మీ. ప్యానెల్‌లో ఇది మూడో వంతు. ఇప్పుడర్థమైంది కదా, బొమ్మ గీసేశాక దీనికి చోటు వెతకడం ఎంత కష్టమో.

మాటల్ని విరవడం మరో పని. తెలుగులో మాటలు కలిసిపోయి పొడుగవుతాయి. "అడగకూడదనుకున్నానుగానీ" అన్న ఒక్క మాట బెలూన్ మొత్తాన్ని అడ్డంగా సాగదీస్తుంది. డైలాగ్ రాసేటప్పుడే "అడగొద్దనుకున్నా గానీ" అని విడగొట్టండి, మాట్లాడినట్టూ ఉంటుంది. తప్పనిసరై వరుస చివర మాటను విరవాల్సి వస్తే అర్థం విడిపోయేచోట విరవండి: "వెళ్లాల్సి / వచ్చింది" బాగుంటుంది, "వెళ్లా / ల్సివచ్చింది" చదవలేం. ఒక బెలూన్‌లో పది పన్నెండు మాటలు దాటితే దాన్ని రెండు బెలూన్లు చేస్తాను.

వరుసలు కోడిగుడ్డు ఆకారంలో రావాలి: పైన చిన్న వరుస, మధ్యలో పెద్దది, కింద మళ్లీ చిన్నది.

ఏం లేదు
నాయనా, నాలుగు
వంకాయలు.

మాటలు రాశాక వాటి చుట్టూ బెలూన్ గీయండి. ముందు బెలూన్ గీసి అందులో మాటలు కుక్కకండి. తోక మాట్లాడే మనిషి నోటివైపు చూపించాలి. నోటి దాకా వెళ్లక్కర్లేదు, సగం దూరం దాటి కాస్త ముందుకెళ్తే చాలు. రెండు తోకలు ఎప్పుడూ ఒకదాన్నొకటి దాటకూడదు. దాటుతున్నాయంటే మనుషుల్ని తప్పుచోట నిలబెట్టారని అర్థం. మళ్లీ థంబ్‌నెయిల్‌కు వెళ్లండి.

గట్టిగా అన్న మాటకు తెలుగు అక్షరాన్ని పక్కకు వంచకండి. గుండ్రని అక్షరం వంగితే పడిపోతున్నట్టుంటుంది. లావు చేయండి, లేదా కొంచెం పెద్దది చేయండి.

నాలుగో ప్యానెల్‌లో "కొక్కొరోకో" మాట కాదు, బొమ్మ. అందుకే దాన్ని బొమ్మతోపాటే గీయాలి. గంపలోంచి చిన్నగా మొదలై, చివరి "కో" ప్యానెల్ పై అంచును తాకేంత పెద్దది కావాలి. "క్కొ" కింది ఒత్తును సాగదీసి పక్క అక్షరం కిందికి పోనివ్వండి; అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టుంటే అరుపు వినిపిస్తుంది. కానీ ఆ ఒత్తు ఒత్తుగానే కనబడాలి. అక్షరం ఆకారం చెడితే శబ్దం పోయి గీతలు మిగులుతాయి.

చేతిరాత బాగోకపోతే కంప్యూటర్‌లో టైప్ చేయండి, తప్పేం లేదు. మామూలు మాటలకు మండలి లాంటి సాదా ఫాంటు, అరుపులకు రామభద్ర లాంటి లావు ఫాంటు సరిపోతాయి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, ప్రింటుకూ వాడుకోవచ్చు. ఫోటోషాప్‌లో టైప్ చేసినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటే, టైప్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ ఇబ్బంది ఉండదు. కంప్యూటర్ అక్షరాలే అయినా ఇప్పుడే అసలు సైజులో ప్రింటు తీసి, కత్తిరించి పేజీ మీద పెట్టి చోటు గుర్తుపెట్టుకోండి. ఈ దశ దాటవేయడానికి వీల్లేదు.

పెన్సిల్‌కు ముందు చూసుకోవాల్సినవి:

☐ బెలూన్లు పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి చదివితే మాట వరుస సరిగ్గా ఉందా?
☐ ఏ ఒత్తయినా కింది వరుసను తాకుతోందా?
☐ అక్షరదోషాలు మీరు కాకుండా ఇంకొకరు చూశారా?
☐ ప్రతి తోకా సరైన మనిషివైపే ఉందా?

6. పెన్సిల్

లేత నీలంతో మొదలుపెట్టండి. తలకాయకు గుడ్డు, ఛాతీకి డబ్బా, కాళ్లూ చేతులకు గీతలు. ఇది కుదిరాకే హెచ్‌బీ పట్టుకుని ముఖం, బట్టల మడతలు వేయండి. చాలామంది కన్నుతో మొదలుపెడతారు. కన్ను అద్భుతంగా వస్తుంది, తీరా చూస్తే తల మెడ మీద ఉండదు.

బస్సుకు రెండు మాయబిందువుల (దూరం పోయే గీతలు కలిసే చోట్ల) పర్‌స్పెక్టివ్ కావాలి. అవి కాగితం బయట ఎక్కడో పడతాయి. పేజీని పెద్ద బోర్డు మీద టేపుతో అంటించి, బోర్డు మీద ఒక్కో బిందువు దగ్గర గుండుసూది గుచ్చి, దానికి దారం కట్టండి. దారాన్ని లాగి పట్టుకుని కిటికీల వరుస, మెట్టు, పైకప్పు అన్నీ దాని వెంబడి గుర్తుపెట్టుకోండి. స్కేలు చాలకపోయినా దారం చాలుతుంది.

దిగంత రేఖ, అంటే మన కంటి ఎత్తు గీత, ప్రతి ప్యానెల్‌లోనూ ముందే గీయండి. చదునైన నేల మీద సమాన ఎత్తు మనుషులు దగ్గరున్నా దూరమున్నా ఆ గీత వాళ్లందరినీ ఒకేచోట కోస్తుంది. ఒకరికి గడ్డం దగ్గర కోస్తే అందరికీ గడ్డం దగ్గరే. బస్సు లోపల నిలబడ్డ ప్రయాణికులు కొందరు గాల్లో తేలుతున్నట్టు, కొందరు గుంటలో ఉన్నట్టు కనబడితే ఈ ఒక్క గీతతో సరిచేయొచ్చు.

నాలుగో ప్యానెల్‌లో పన్నెండు మంది తిరిగి చూడాలి. పన్నెండు ముఖాలూ పూర్తిగా వేయక్కర్లేదు. ముగ్గురివి శ్రద్ధగా వేయండి: నిద్రలోంచి లేచినాయన, నోరు కప్పుకుని నవ్వే అమ్మాయి, సీటు వెనకనుంచి తొంగిచూసే పిల్లాడు. మిగతావి తలకట్లు, భుజాలు చాలు. అవ్వ మాత్రం అందరిలా తిరగదు, కిటికీలోంచి బయటికి చూస్తుంటుంది. ఆ ప్యానెల్‌కు ప్రాణం అక్కడుంది.

7. నలుపు ఎక్కడ?

ఇంకు సీసా మూత తీయకముందే పెన్సిల్ పేజీని ఏ4 సైజుకు తగ్గించి రెండు మూడు జిరాక్సులు తీయండి. లావు మార్కర్‌తో ఒక్కోదాని మీద నలుపు ఒక్కోచోట నింపి చూడండి. చెట్టు కింద నీడా, బస్సు చక్రాలా, కండక్టర్ జుట్టా, లోపలి సీట్లా? తర్వాత గోడకు అంటించి పది అడుగుల దూరం నుంచి చూడండి. నల్లటి చోట్లు పేజీలో కన్నును నడిపించాలి. అన్నీ ఒక మూలకే చేరితే పేజీ అటు ఒరిగిపోయినట్టుంటుంది.

ముఖ్యమైన ముఖం వెనక నలుపు, లేదా నల్లటి జుట్టు వెనక తెలుపు పెట్టండి. మా గురువుగారు ఈ పని చేయకుండా ఇంకు ముట్టనిచ్చేవారు కాదు. అప్పట్లో టైమ్ దండగ అనిపించేది. ఇప్పుడు నేనూ ఎవరినీ ముట్టనివ్వను.

8. ఇంకింగ్

వరుస ఇది, మార్చకండి: అక్షరాలు, బెలూన్లు, ప్యానెల్ అంచులు, ముఖాలు, చేతులు, మిగతా ఒళ్లు, ముందు వస్తువులు, వెనక దృశ్యం, చివర నిండు నలుపులు.

ముఖాలు ముందు ఎందుకంటే, చెయ్యి తాజాగా ఉన్నప్పుడే అవి వేయాలి. అవి చెడితే ఆ ప్యానెల్ మళ్లీ మొదలుపెట్టాలి. వెనక దృశ్యం గంటలు పెట్టి వేశాక ఆ సంగతి తెలియకూడదు. నిండు నలుపులు చివర ఎందుకంటే, తడి ఎక్కువ, ఆరడానికి చాలాసేపు పడుతుంది, కాగితం కాస్త అలలు తిరుగుతుంది.

కుడిచేతివాళ్లు పైన ఎడమ మూల నుంచి, ఎడమచేతివాళ్లు పైన కుడి మూల నుంచి దిగాలి. చేతి కింద శుభ్రమైన తెల్లకాగితం పెట్టుకోండి; చెమట అంటినచోట ఇంకు పట్టదు.

నిబ్బు కొత్తదైతే తుప్పు పట్టకుండా పూసిన నూనె పొర ఉంటుంది. కాస్త టూత్‌పేస్ట్‌తో రుద్ది కడగండి, లేకపోతే ఇంకు చుక్కలు చుక్కలుగా జారుతుంది. నిబ్బును మనవైపుకు లాగాలి, ముందుకు తోయకూడదు. తోస్తే కాగితంలో గుచ్చుకుని ఇంకు చిమ్ముతుంది. వంపు మారినప్పుడు చేతిని మెలితిప్పకండి, కాగితాన్ని తిప్పండి.

గీత లావు దూరాన్ని చెబుతుంది. ముందున్న అవ్వకు, గంపకు 08 లేదా బ్రష్. మధ్యలో ఉన్నవాళ్లకు 03 లేదా 05. దూరపు చెట్లకూ పొలాలకూ 01. ఒకే మనిషిలో కూడా వెలుగు పడేవైపు గీత సన్నగా, నీడవైపు లావుగా ఉండాలి. అంతా ఒకే పెన్నుతో వేస్తే బొమ్మ తీగ వంచి చేసినట్టు ఉంటుంది. అవ్వ చీర మడతలకు బ్రష్ వాడండి, బస్సు రేకులకు స్కేలు. మెత్తని వాటికి చేతి గీత, గట్టి వాటికి స్కేలు గీత. ఈ తేడాతోనే వస్తువు దేంతో చేసిందో తెలుస్తుంది.

స్కేలు అంచు కింద ఇంకు పాకుతోందా? స్కేలు అడుగున రెండు చోట్ల చిన్న అట్టముక్కలు అంటించండి. అంచు కాగితానికి ఆనకుండా కాస్త పైన ఉంటుంది, ఇంకు పాకదు.

వానాకాలంలో, సముద్రం దగ్గర ఊళ్లలో, కాగితం చెమ్మ పీల్చుకుంటుంది. గీత అంచులు వెంట్రుకల్లా పాకుతున్నాయంటే కారణం అదే. కాగితాల్ని ప్లాస్టిక్ కవరులో, సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి. పని మొదలుపెట్టే ముందు అదే కాగితం ముక్క మీద ఒక గీత గీసి చూడండి. పాకితే ఆ రోజు పెన్సిల్ పని చేసుకోండి.

తప్పు గీత పడితే:

- సన్నది అయితే: పూర్తిగా ఆరాక పోస్టర్ వైట్ రెండు పలుచటి పూతలు. ఒకే మందపు పూత పెచ్చులూడుతుంది.
- మరక అయితే: తడిగా ఉన్నప్పుడు తుడవకండి. టిష్యూ మూలతో తాకించి పీల్చండి, ఆరాక తెలుపు వేయండి.
- ముఖమే చెడితే: అదే కాగితం మీద కొత్త ముఖం గీసి, కత్తిరించి పైన అంటించండి. స్కాన్‌లో అంచు కనబడకుండా తీసేయొచ్చు.

9. రబ్బరు

ఇంకు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది, లోపల ఆరదు. నేను రాత్రంతా వదిలేస్తాను. నీడెడ్ రబ్బరుతో అద్ది తీయండి, గట్టిగా రుద్దితే పెన్ను గీత బూడిదరంగుకు తిరుగుతుంది. లేత నీలం గీతల జోలికి పోనక్కర్లేదు, స్కాన్‌లో తీసేస్తాం. రబ్బరు పొట్టును చేత్తో తుడవకుండా మెత్తని బ్రష్‌తో దులపండి.

10. స్కానింగ్

600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయండి. ఏ3 పేజీ సుమారు 7016 × 9921 పిక్సెళ్లు వస్తుంది. మీ దగ్గర ఏ4 స్కానరే ఉంటే అంచుల ఖాళీ వదిలేసి, గీసిన భాగాన్ని రెండుగా తీయండి, మధ్యలో సుమారు 4 సెం.మీ. రెండిట్లోనూ వచ్చేలా చూసుకుంటే కలపడం తేలిక. మూత మీద రెండు పుస్తకాలు పెట్టండి, కాగితం లేస్తే అక్కడ గీత మసకబారుతుంది.

నీలం పెన్సిల్ ఉంటే కలర్‌లో స్కాన్ చేసి, నీలాన్ని తెలుపు చేసి, తర్వాత గ్రేస్కేల్‌కు మార్చండి. లెవెల్స్‌లో (తెలుపు, నలుపు సర్దే సాధనం) కాగితం పూర్తి తెలుపు, ఇంకు పూర్తి నలుపు అయ్యేదాకా సర్దండి. మరీ లాగితే సన్నగీతలు తెగుతాయి, దూరపు చెట్ల గీతలు చూస్తూ ఆపండి.

ఫోన్‌తో తీసిన ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టడానికి సరే. ప్రింటుకు వద్దు, అంచులు వంగుతాయి.

11. రంగులు

గీతల పొరను (లేయర్) పైన ఉంచి మల్టిప్లై (తెలుపు పోయి కింది రంగు కనబడే సెట్టింగ్) చేయండి, రంగులు కింది పొరలో. మొదట నీడలు లేకుండా సాదా రంగులు నింపండి. మొత్తం పేజీకి ఐదారు రంగులు చాలు. అవ్వ చీర చిలకాకుపచ్చ అనుకుంటే ఆ ఆకుపచ్చ ఇంకెవరి బట్టల్లోనూ రాకూడదు. అప్పుడు బస్సులో పన్నెండు మంది మధ్య కూడా కన్ను అవ్వనే వెతుక్కుంటుంది. నీడకు ఒకే ఒక్క పొర, ఒకే దిక్కు. పొద్దున బస్సు కాబట్టి వెలుగు ఒక పక్కనుంచి పడుతుంది, ఆరు ప్యానెళ్లలోనూ అది గుర్తుంచుకోండి.

ప్రింటుకు పంపేటప్పుడు అక్షరాల నలుపు ఒక్క నల్ల ఇంకుతోనే రావాలి: సీఎంవైకే (ప్రెస్సు వాడే నీలం, గులాబీ, పసుపు, నలుపు ఇంకులు) లెక్కలో కె, అంటే నలుపు, 100, మిగతా మూడూ సున్నా. కంప్యూటర్‌లో ఆర్‌జీబీలో (తెర రంగుల పద్ధతి) చేసిన నలుపును అలాగే సీఎంవైకేకు మారిస్తే నాలుగు ఇంకుల కలగలుపు అవుతుంది. ప్రెస్సులో ప్లేట్లు వెంట్రుకంత జరిగినా అక్షరాల చుట్టూ రంగు అంచులు కనబడతాయి. మన ఒత్తులు సన్నవి కాబట్టి ముందు దెబ్బతినేవి అవే.

పంపే ముందు:

☐ ఏ4, 300 డీపీఐ, అంటే 2480 × 3508 పిక్సెళ్లకు తగ్గలేదు కదా?
☐ అక్షరాలు విడి పొరలో ఉన్నాయా?
☐ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఒత్తులు విడిపోకుండా ఫాంటును ఔట్‌లైన్స్‌గా (అక్షరాలను బొమ్మ గీతలుగా) మార్చారా? మార్చని కాపీ ఒకటి దాచుకున్నారా?
☐ ఏ4 మీద ఒక ప్రింటు తీసి, చేతిదూరంలో పట్టుకుని చదివారా?
☐ ఫోన్ తెర మీద పేజీ మొత్తం పెట్టి చూశారా? జూమ్ చేయకుండా మాటలు అందకపోతే ఆన్‌లైన్‌కు వరుసకొక చిత్రంగా, నాలుగు ముక్కలు చేసి పెట్టండి. మన వరుసల మధ్య 8 మి.మీ. ఖాళీ ఉంది కాబట్టి కోత సులువు.

గీసిన అసలు పేజీని చుట్టచుట్టి పెట్టకండి. విప్పిన ప్రతిసారీ తెల్ల పూత పగులుతుంది. పైన బటర్ పేపర్ వేసి, చదునుగా ఫైల్లో పెట్టి, వెనక పెన్సిల్‌తో తేదీ, ప్రింటయిన సైజు రాసిపెట్టండి. అదే పేజీని మళ్లీ ఎవరైనా పెద్ద సైజులో అడిగినప్పుడు, కొత్తగా స్కాన్ చేయాల్సింది దీన్నే.